యూదు సినిమాల పండుగ: హాల్లోనా, ఇంట్లోనా?

అట్లాంటాలో 2000లో మొదలైన యూదు చిత్రోత్సవం చలికాలం చివర్లో వస్తుంది. నగరానికి ఉత్తరాన ఆల్ఫరెటా, కమ్మింగ్ ఊళ్ల వైపున్న తెలుగువాళ్లకు కూడా అదే తర్జనభర్జన: హాలుకు వెళ్దామా, ఆన్‌లైన్‌లో చూద్దామా?

ఖర్చు: హాల్లో తలకో టికెట్. ఇంట్లో ఒక్క టికెట్‌తో సోఫా నిండా జనం.

శ్రమ: హాలంటే జీఏ 400 హైవే మీద ట్రాఫిక్. ఇంట్లో అయితే కుక్కర్ మూడో కూతకి పాజ్ నొక్కి లేవచ్చు.

రిస్క్: హాల్లో టికెట్లు అయిపోవచ్చు. ఆన్‌లైన్‌లో మీరు అనుకున్న సినిమా అసలు ఉండకపోవచ్చు, ఉన్నా గడువు దాటితే తెరుచుకోదు.

అసలు తేడా సబ్‌టైటిల్స్ దగ్గర. చాలా సినిమాల్లో మాటలు హీబ్రూలోనో, అరబిక్‌లోనో, యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లోనో ఉంటాయి. చేతిలో ఫోన్ ఉందా, రెండు లైన్లు పోయినట్టే. ఆ తర్వాత ఎవరు ఎవరి మీద అలిగారో అర్థం కాదు. చీకటి హాల్లో ఆ బాధ లేదు. పైగా జనం ఎక్కడ నవ్వుతున్నారో వింటే మనకు తట్టని జోకూ తెలుస్తుంది. కొన్ని ఆటల తర్వాత దర్శకులతో మాటామంతీ ఉంటుంది. పక్కసీటు వాళ్లతో మాట కలిస్తే, గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారని చెప్పి చూడండి, కబుర్లు ఆగవు!

చంటిపిల్లలుంటే, వారం మధ్యలో అయితే ఇల్లే మేలు. మొదటిసారి చూస్తున్నవాళ్లు, ఒక్క సినిమాకే తీరికున్నవాళ్లు హాలుకే వెళ్లాలి.