డార్జిలింగులో ఆరు రోజులు: అమ్మను వెంటబెట్టుకుని చేసిన ప్రయాణం

మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. కాశీ, తిరుమల, శ్రీశైలం చూసింది కానీ మంచుకొండను కంటితో చూడలేదన్న వెలితి ఆమెకు చాలాకాలంగా ఉంది. కేదారం, బదరి ఈ వయసులో ఆమె మోకాళ్ళకు మించిన పని. విమానం ఎక్కకుండా, గుర్రం మీదో డోలీ మీదో కూర్చోకుండా, ఊళ్ళో నిలబడి హిమాలయ శిఖరాన్ని చూడగలిగే చోటు ఏదని నేనూ నా భార్యా వెతికి, చివరికి డార్జిలింగును ఎంచుకున్నాము. సముద్రమట్టానికి దాదాపు 2,042 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊరి నుంచి, ప్రపంచంలో మూడవ ఎత్తైన శిఖరమైన 8,586 మీటర్ల కాంచన్‌జంగ ఎదురుగా కనిపిస్తుంది. మరీ ఎక్కువ ఎత్తు కాదు కనుక ఊపిరి ఆడకపోవడమన్న భయం కూడా తక్కువ. ఒంగోలు నుంచి నవంబరు మూడోవారంలో బయలుదేరి, కొండ మీద ఆరు రోజులు ఉండి వచ్చాము. పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళాలనుకునే మన జిల్లాలవారికి ఏది ఉపయోగపడిందో, ఏది పడలేదో ఉన్నదున్నట్టు చెప్పడం నా ఉద్దేశం.

ముందుగా కాలం సంగతి చెప్పాలి. కాంచన్‌జంగ స్పష్టంగా కనిపించేది వానలు వెనుదిరిగిన తరువాత, అంటే అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు వరకు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు సరిగ్గా అవే తుపాన్ల నెలలు. అక్కడ ఆకాశం తేటపడిన వారంలోనే ఇక్కడ వాయుగుండం పట్టి కోస్తా రైళ్ళు రద్దయ్యే అవకాశం ఉంటుంది. అందుకే ఒంగోలులో హౌరా మెయిల్ ఎక్కినప్పుడే, కలకత్తాలో ఒక రాత్రి బస ఉండేలా టికెట్లు తీసుకున్నాము. హౌరాలో దిగిన రోజే సియాల్దా నుంచి డార్జిలింగు మెయిల్ పట్టుకోవాలని చూస్తే, మొదటి బండి ఆలస్యమైనప్పుడు రెండవ టికెట్ డబ్బు పోయినట్టే. మా బండి నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది కనుక ఆ ఒక్క రాత్రి ఖర్చు మాకు వృథా అనిపించలేదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మాత్రం అటు వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. కొండచరియలు విరిగి దారులు మూసుకుపోవడం అక్కడ ఏటా జరిగేదే. 2025 అక్టోబరు మొదటివారంలో కురిసిన భారీ వర్షాలకు మిరిక్ పరిసరాల్లో ప్రాణనష్టం కూడా జరిగింది.

కొండ దిగువన ఉన్న న్యూ జల్పాయిగురి స్టేషనులో దిగాక కొండ మీదికి దాదాపు డెబ్బై కిలోమీటర్లు. షేరు జీపులో ఒక్కో వరుసకు నలుగురిని కూర్చోబెడతారు. వయసు మళ్ళినవారికి ఆ ఇరుకు, ఆ మలుపులు రెండూ కష్టమే. మేము జీపు మొత్తం మాట్లాడుకున్నాము. ఖర్చు ఎక్కువైనా, వాంతి వస్తున్నదన్నప్పుడల్లా బండి ఆపించుకోగలగడం, కర్సియాంగులో దిగి వేడి టీ తాగించగలగడం అమ్మ ప్రాణానికి హాయినిచ్చాయి. డ్రైవర్లను అక్కడ ‘దాజు’ అంటారు. నేపాలీలో అన్న అని అర్థం. హిందీ అందరికీ అర్థమవుతుంది కానీ, ఆ ఒక్క మాటతో పిలిస్తే వారి ముఖం వికసించడం నేను ఆరు రోజులూ చూశాను.

ఇక బస. నేను పొరపాటు చేసింది ఇక్కడే. ఫొటోలు చూసి, హిల్ కార్ట్ రోడ్డుకు దిగువన ఒక హోటలులో రెండు రాత్రులకు ముందే డబ్బు కట్టాను. గది శుభ్రంగానే ఉంది, అద్దె కూడా తక్కువే. అయితే రోడ్డు నుంచి ఆ గదికి తొంభై రెండు మెట్లు దిగాలి. దిగినవారు ఎక్కాలి కదా! డార్జిలింగు ఊరంతా ఒక వాలు మీద మెట్లుమెట్లుగా కట్టినది కనుక, ‘స్టేషనుకు అయిదు నిమిషాలు’ అని రాసిన దూరం అడ్డంగానా నిలువుగానా అన్నది ఎవరూ చెప్పరు. రెండవరోజు ఉదయం కుళాయిలో నీళ్ళు రాలేదు. అడిగితే ట్యాంకరు ఇంకా రాలేదని చెప్పి, ముగ్గురికి రెండు బకెట్ల వేడినీళ్ళు పంపారు. గదిలో హీటరు పెడితే రోజుకు నాలుగు వందలు అదనమని కూడా అప్పుడే తెలిసింది.

ఆ నీటి విషయం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఒంగోలులో కుళాయి ఎప్పుడు వస్తుందా అని బిందెలు సర్దుకుని ఎదురుచూసే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. మబ్బుల మధ్య, అంత వాన కురిసే చోట కూడా నీళ్ళ ట్యాంకర్లు తిరుగుతాయని ఊహించలేదు. ఊరికి ప్రధానమైన నీటి ఆధారం బ్రిటిషువారి కాలంలో సెంచల్ అడవిలో కట్టిన చెరువులే. ఊరు ఎన్నోరెట్లు పెరిగినా ఆ ఏర్పాటు అంతగా పెరగలేదు. కురిసిన వాన వాలు మీద నిలవకుండా లోయలోకి జారిపోతుంది. గోడల వెంట నల్లని సన్న గొట్టాలు పదులకొద్దీ తీగల్లా అల్లుకుపోయి ఉంటాయి. అవన్నీ ఇళ్ళకు నీళ్ళు మోసుకుపోయేవే. ఈ సంగతి తెలిశాక నాకు ఆ హోటలు మీద కోపం సగం తగ్గింది. అయినా నీటి ఇబ్బంది ఉందని డబ్బు కట్టకముందే చెప్పి ఉండవలసిందన్న నా మాట మాత్రం మారదు. అక్కడ గది మాట్లాడుకునేవారు అద్దెకన్నా ముందు ఈ మూడు ప్రశ్నలు అడగాలి. రోడ్డు నుంచి ఎన్ని మెట్లు? వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయి? హీటరు అద్దెలో కలిసి ఉన్నదా, విడిగా కట్టాలా?

మూడవరోజు చౌరస్తా అనే మైదానానికి దగ్గరలో ఒక కుటుంబం నడిపే బసకు మారాము. అద్దె మొదటిదానికి రెట్టింపుకు కాస్త తక్కువ. మెట్లు పదకొండు. ఆ ఇంటి గృహిణి రాత్రిపూట పరుపులో రబ్బరు సంచితో వేడినీళ్ళు పెట్టి వెళ్ళేది. అమ్మకు ఉల్లి, వెల్లుల్లి లేని పప్పు విడిగా వండి పెట్టింది. ఒక ఉదయం ‘సేల్ రోటీ’ తెచ్చి ఇచ్చింది. నానబెట్టిన బియ్యాన్ని రుబ్బి, తీపి కలిపి, నూనెలో చుట్టలా తిప్పి వేయించే పిండివంట అది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఒరే అబ్బాయ్, ఇది మన అరిసెకు చుట్టమేరా!” అంది. మేము తీసుకువెళ్ళిన కందిపొడి, గోంగూర పచ్చడి ఆ గృహిణికి ఇచ్చి వచ్చాము. నా లెక్కలో ఈ ప్రయాణం మొత్తానికి మేము పెట్టిన మంచి ఖర్చు ఆ బసకు ఇచ్చిన అద్దె.

చౌరస్తా దగ్గర ఉండటంలో ఇంకొక లాభం ఉంది. ఆ మైదానంలోకి బండ్లు రావు. చుట్టూ బెంచీలు ఉంటాయి. పెద్దవారు ఎండలో శాలువ కప్పుకుని గంటలకొద్దీ కూర్చోవచ్చు. అక్కడి నుంచి కొండ చుట్టూ తిరిగే మాల్ రోడ్డు దాదాపు చదునుగా ఉంటుంది. ఆ ఊళ్ళో అమ్మ అలసట లేకుండా నడిచిన దారి అదొక్కటే. ఆ కొండ పైన మహాకాళ మందిరం ఉంది. పూర్వం అక్కడ ఉన్న దోర్జే లింగ్ అనే బౌద్ధవిహారం పేరే ఊరి పేరైందని చెబుతారు. శివుణ్ణి కొలిచే పూజారి, బౌద్ధ లామా ఒకే మందిరంలో తమ తమ మంత్రాలు చదువుతారు. మేము వెళ్ళినది కార్తీక సోమవారం. ఒంగోలు నుంచి వత్తులు, ప్రమిద, చిన్న సీసాలో ఆవునెయ్యి భద్రంగా తెచ్చుకున్న అమ్మ, నెయ్యి చలికి గడ్డకట్టిందని దిగులుపడింది. పక్కన వెన్నదీపాలు వెలిగిస్తున్న ఒక బౌద్ధ స్త్రీ ఆ సీసాను తన దీపాల వేడికి పట్టి కరిగించి ఇచ్చింది. వారిద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు.

అక్కడి ట్యాక్సీవాళ్ళు చూపించే చోట్లను మూడు పాయింట్లు, అయిదు పాయింట్లు, ఏడు పాయింట్లు అని లెక్కగట్టి అమ్ముతారు. ఏడు పాయింట్ల బేరం ఒప్పుకుంటే పగలంతా బండిలోనే గడిచిపోతుంది. పైగా తూర్పున ఉన్న ఊరు కనుక నవంబరులో సాయంత్రం నాలుగున్నర దాటితే పొద్దు వాలిపోతుంది. మేము వాటిలో మూడే ఎంచుకుని, రోజుకు ఒకటి చూశాము.

టైగర్ హిల్‌కు అమ్మను తీసుకువెళ్ళలేదు. దాదాపు 2,590 మీటర్ల ఎత్తున్న ఆ కొండకు నేనూ నా భార్యా తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాము. దారిలో బండ్ల వరుస, పైన నిలబడటానికి చోటులేనంత జనం. సూర్యుడు పొడచూపకముందే కాంచన్‌జంగ కొన ఎర్రబడి, ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగుతూ బంగారు రంగుకు మారడం గొప్ప దృశ్యమే. ఎవరెస్టు కూడా కనిపించింది కానీ, మనకు దగ్గరగా ఉన్న మకాలు శిఖరమే దానికన్నా పెద్దదిగా తోస్తుంది. అయితే మేము తిరిగివచ్చేసరికి, బస నుంచి మెల్లగా నడిచి మాల్ రోడ్డు వెనుకవైపు బెంచీ మీద కూర్చుని అదే కాంచన్‌జంగను అదే వేళకు చూసిన అమ్మ, చేతులు జోడించుకుని ఇంకా అక్కడే ఉంది. ఎవరెస్టు చూసి తీరాలన్న పట్టుదల ఉన్నవారు టైగర్ హిల్‌కు వెళ్ళవచ్చు. ఆకాశం తేటగా ఉన్న రోజున మిగిలినవారికి మాల్ రోడ్డే చాలును.

బొమ్మరైలు విషయంలో మాత్రం ఖర్చుకు వెనుకాడవద్దు. రెండడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే ఈ దారిని 1879-1881 మధ్య నిర్మించారు. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మన గిద్దలూరు దాటాక రైలు నల్లమలను బొగద సొరంగం గుండా దాటుతుంది. ఇక్కడ సొరంగమన్నది లేదు. పట్టాలను చుట్టలు తిప్పి, కొన్నిచోట్ల బండిని ముందుకూ వెనక్కూ నడిపి కొండ ఎక్కించారు. న్యూ జల్పాయిగురి నుంచి పైదాకా అందులో రావాలంటే ఏడు గంటలు పైనే పడుతుంది. అది వృద్ధులకు తగదు. డార్జిలింగు నుంచి ఘూమ్ వరకు వెళ్ళివచ్చే రెండు గంటల విహారం సరిపోతుంది. ఆవిరి ఇంజను బండికి డీజిలు బండికన్నా టికెట్ ఎక్కువ. మేము ఆవిరి బండే ఎక్కాము. బొగ్గునుసి బట్టల మీద పడుతుంది కనుక తెల్లబట్టలు వద్దు. ఇంటి గుమ్మాలనూ కూరగాయల దుకాణాలనూ చేయి చాచితే తగిలేంత దగ్గరగా దాటుకుంటూ బండి వెళుతుంది. బటాసియా చుట్టు వద్ద గూర్ఖా సైనికుల స్మారకం ఉంది. 2,258 మీటర్ల ఎత్తున్న ఘూమ్ స్టేషనులో చిన్న ప్రదర్శనశాల చూడవచ్చు. టికెట్లు ఇంటి నుంచే ముందుగా తీసుకోవాలి. అప్పటికప్పుడు దొరకడం కష్టం.

జంతుప్రదర్శనశాల, పర్వతారోహణ సంస్థ ఒకే ఆవరణలో ఉన్నాయి, ఒకే టికెట్. గురువారం సెలవు. హైదరాబాదులో పుట్టి, బెంగాలు గవర్నరుగా పనిచేసిన పద్మజా నాయుడు పేరు ఆ ప్రదర్శనశాలకు పెట్టారు. ఎర్ర పాండా, మంచు చిరుత అక్కడ ముఖ్యమైనవి. లోపల ఎక్కుడు దారి ఎక్కువ కనుక అమ్మ ఎర్ర పాండా దగ్గరే కూర్చుండిపోయింది. నేను పైకి వెళ్ళాను. 1954లో మొదలైన ఆ సంస్థలో శిక్షణకు తొలి పెద్దగా ఉన్నవాడు టెన్సింగ్ నార్గే. ఆయన వాడిన సామగ్రి అక్కడ ఉంది. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ కూడా ఈ ఊరిలోనే శిక్షణ పొందింది. పాతకాలపు తాళ్ళు, బరువైన బూట్లు చూస్తూ ఆ పిల్ల ధైర్యాన్ని తలచుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఈ చోటుకు సగం రోజు కేటాయించండి.

రోప్‌వే దగ్గర రెండు గంటల వరుస చూసి వెనక్కి వచ్చేశాము.

టీ కొనేవారికి ఒక మాట. 1854 నాటి హ్యాపీ వ్యాలీ తోట ఊరికి ఆనుకునే ఉంది, నడిచి దిగవచ్చు. చలికాలం ముదిరితే ఆకు కోత ఆగిపోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే తొలి చిగురు టీ లేతరంగులో పూలవాసన వేస్తుంది. మే, జూన్ నెలల్లో వచ్చే రెండవ కోత ఇంకా చిక్కగా ఉంటుంది. పొట్లం మీద రెండాకులూ మొగ్గా పట్టుకున్న స్త్రీ బొమ్మ, అంటే టీ బోర్డు ముద్ర ఉందో లేదో చూసి కొనాలి. దుకాణదారు చెప్పినట్టు మూడు నిమిషాలే నానబెట్టి, పాలు కలపకుండా తాగాలి. చిక్కటి పాలటీకి అలవాటుపడిన అమ్మ మొదటిరోజు ముఖం చిట్లించింది. అయిదవరోజున మాత్రం అరకిలో కొనమంది. ఒంగోలు చేరాక ఆ టీ కాయడానికి ట్యాంకరు నీళ్ళు వద్దని, వంటింటి అటక మీద విడిగా దాచిన మంచినీళ్ళ బిందె దింపించింది.