లూయిస్‌విల్ లేక్ దగ్గర జెట్ స్కీ రిపేర్ షాపు: పంపు గురించి తెలిసినాయన, నాలుగు స్టార్లు

టెక్సస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్ వైపు మనవాళ్ళు ఈ మధ్య సెకండ్ హ్యాండ్ జెట్ స్కీలు తెగ కొంటున్నారు కదా, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. మీ బండి గోల ఎక్కువ చేస్తూ ముందుకి తక్కువ కదులుతుంటే ఇంజను ఇప్పించకండి, ముందు పంపు (కింద నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్మి బండిని తోసేది) చూసేవాడి దగ్గరికి తీసుకెళ్ళండి. ఈ షాపు అలాంటిదే. ఒక పాత రేకుల షెడ్డు, బయట నాలుగైదు ట్రైలర్లు, లోపల ఒక పెద్దాయన, ఒక కుర్రాడు, అంతే. ఏసీ లేదు, కూర్చోడానికి కుర్చీ లేదు, జూలైలో వెళ్తే మాడిపోతారు.

మా గోల ఏంటంటే, బండి సగం నాది సగం మా బావది, మూడు సీట్లది, కొన్న కొత్తలో బాగానే పోయింది, తర్వాత్తర్వాత ఆగున్న చోట థ్రాటిల్ నొక్కితే ఇంజను ఒక్కసారిగా అరిచి 7 వేల ఆర్‌పీఎం దాటిపోయేది, బండి మాత్రం క్లచ్ ప్లేట్లు అరిగిన ఆటోలాగా మెల్లగా లేచేది. స్పీడు అందుకున్నాక కాస్త పట్టు దొరికేది గానీ 50 మైళ్ళు దాటాల్సిన బండి 40 దగ్గరే ఆగిపోయేది. వెనకాల ఇంకో మనిషి కూర్చుంటే ఇంకా అన్యాయం. ముందు వేరే షాపుకి తీసుకెళ్ళాం, పేరు ఎందుకులెండి, వాళ్ళు కంప్యూటర్ తగిలించి కోడ్‌లేమీ లేవన్నారు, అయినా సరే స్పార్క్ ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగు, ఫ్యూయల్ పంపు అని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. కోడే లేనప్పుడు ఫ్యూయల్ పంపు ఎందుకు అంటే సమాధానం లేదు.

ఈ షెడ్డు పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం ఎంత, అప్పుడు స్పీడు ఎంత, రెండూ కలిపి చెప్పమన్నాడు. అసలు విషయమంతా అక్కడే ఉందట. ఆర్‌పీఎం తక్కువ, స్పీడు తక్కువ అయితే ఇంజను దమ్ము తగ్గినట్టు, అంటే పెట్రోలు, ప్లగ్గులు, సూపర్‌ఛార్జర్ ఉంటే అది, లేదా బండి వేడెక్కి లింప్ మోడ్‌లోకి (ఇంజను పాడవకుండా తనే స్పీడు తగ్గించేసుకోవడం) పోవడం. ఆర్‌పీఎం ఫుల్లుగా ఉండి స్పీడు లేదంటే ఇంజను తన పని తను చేస్తోంది, నీళ్ళు సరిగ్గా తోయబడట్లేదు, కాబట్టి పంపు చూడాలి. అంత పెద్ద షాపులో ఈ ముక్క ఒక్కళ్ళూ అడగలేదు. సీడూ కంపెనీ బండి స్లోగా ఉందని తెచ్చేవాళ్ళలో కొంతమంది పిల్లలకిచ్చే లెర్నింగ్ కీ పెట్టి తోలుతుంటారని కూడా చెప్పాడు, దాంట్లో స్పీడు కంపెనీవాళ్ళే కట్ చేసి పెడతారు. మాది ఆ కేసు కాదులెండి.

తర్వాత లాన్యార్డ్ (ఊడితే ఇంజను ఆగిపోయే తాడు కీ) తీసి పక్కన పెట్టాడు, అది తియ్యకుండా గ్రేట్‌లోకి (బండి కింద నీళ్ళు పీల్చే చోట ఉండే జాలీ) చెయ్యి పెట్టే పని ఎవ్వరూ చెయ్యొద్దు. టార్చి తీసుకుని కిందకి దూరి, ఇన్‌టేక్ గ్రేట్‌లో తాడు, గడ్డి, ప్లాస్టిక్ ఏమన్నా చుట్టుకుందా అని చూశాడు. నీళ్ళు పీల్చే గొట్టం సగం మూసుకుపోయినా ఇంపెల్లర్‌కి (పంపులో నీళ్ళు తోసే రెక్కల చక్రం) నీళ్ళు చాలక ఇదే లక్షణం వస్తుంది. ఆ షెడ్డులో ఒక డబ్బా ఉంది, గ్రేట్‌ల్లోంచి పీకినవన్నీ అందులో పడేస్తాడు, స్కీ తాళ్ళు, ఫిషింగ్ లైను, లైఫ్ జాకెట్ పట్టీ, వాటి మధ్యలో శుభ్రంగా జరీ అంచు ఉన్న ఒక చున్నీ. ఎవరిదో అడగలేదు. మన ఆడపిల్లలు జెట్ స్కీ మీద ఫొటోల కోసం చున్నీతో ఎక్కడం నేనూ చూశాను, దయచేసి వద్దు, జుట్టు కూడా గట్టిగా ముడేసుకోండి.

మా దాంట్లో అడ్డమేమీ లేదు. అప్పుడు ఇంపెల్లర్ రెక్కకీ వేర్ రింగ్‌కీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) దూర్చి చూపించాడు. వేర్ రింగ్ అంటే ఇంపెల్లర్ చుట్టూ ఉండే కవచం, చాలా బండ్లలో ప్లాస్టిక్‌ది ఉంటుంది, అరిగితే అదే అరగాలి అన్నట్టు పెడతారు. ఆ సందు అర మిల్లీమీటరు లోపు ఉంటే బాగున్నట్టు, 1 మిల్లీమీటరు దాటితే మార్చాల్సిందే అన్నాడు. మా దాంట్లో ఒకవైపు అంతకంటే ఎక్కువే ఉంది, రింగు లోపల చుట్టూ వేలితో తడిమితే తెలిసేంత గీతలు. ఆ సందులోంచి నీళ్ళు మళ్ళీ వచ్చిన వైపుకే జారిపోతుంటే వెనక నీళ్ళు చిమ్మే నాజిల్ దగ్గర ప్రెషర్ ఎక్కడ వస్తుంది? మాకు అమ్మినాయన ఒడ్డున లోతు లేని చోట స్టార్ట్ చేసి ఇసకంతా తాగించి ఉంటాడు. బండ్ల మాన్యువళ్ళలో కనీసం 2, 3 అడుగుల లోతు ఉండాలని రాస్తారు, ఎవడు చదువుతాడు.

అక్కడితో ఆపేసి రింగు మార్చేస్తాడనుకున్నా. ఆపలేదు. ఇంపెల్లర్ రెక్కల ముందంచు రాళ్ళు తగిలి వంగిందా అని చూశాడు (ఒక రెక్కకి చిన్న నొక్కు ఉంది, ఫైలుతో సరిచేశాడు), షాఫ్ట్ పట్టుకుని ఊపి బేరింగ్ చూశాడు, సీటు ఎత్తించి లోపల నీళ్ళున్నాయా, కార్బన్ సీల్ చుట్టూ నల్లపొడి రాలిందా అని చూశాడు. ఎందుకంటే షాఫ్ట్ బాడీలోంచి బయటికి పోయే చోట ఆ సీల్ పోతే పంపు అక్కడి నుంచి గాలి పీల్చేస్తుంది, పైకి లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది, రింగు మార్చినా పోదు. పంపుకీ బాడీకీ మధ్య సీలెంట్ ఊడినా అంతే. జనం అన్నింటినీ కావిటేషన్ అనేస్తారు గానీ, ప్రెషర్ పడిపోయి నీరే బుడగలు కట్టడం వేరు, బయటి గాలి లోపలికి దూరడం వేరు, రిపేరు కూడా వేరు. ఈ తేడా మాలాంటి వాళ్ళకి ఓపిగ్గా చెప్పినందుకే ఒక స్టార్ ఇవ్వొచ్చు.

స్టీలు రింగు వేయించమంటారా అని మా బావ అడిగాడు, ఎక్కువ రోజులు వస్తుంది కదా అని. మీరు తిరిగేది ఒడ్డుల దగ్గరే అయితే వద్దన్నాడు. గులకరాయి వస్తే ప్లాస్టిక్ రింగు తను గీసుకుని ఇంపెల్లర్‌ని కాపాడుతుంది, స్టీలు రింగైతే మధ్యలో నలిగేది రెక్కలే, అవి ఖరీదు. ఖరీదైన పార్టు వద్దని చెప్పే షాపు నేనైతే తక్కువ చూశాను. పాత రింగుని కోసి తీసి, కొత్తది ఫ్రీజర్లో పెట్టి కొంచెం కుంచించుకున్నాక నొక్కి కూర్చోబెట్టారు. వీడియోలు చూసి ఇంట్లో చేసుకుందామని మా బావ ముందు ఊగాడు, ఇంపెల్లర్ విప్పడానికి స్పెషల్ టూల్ కావాలనేసరికి చల్లబడ్డాడు, లేకపోతే మా ఫ్రీజర్లో మామిడికాయ ముక్కల పక్కన వేర్ రింగు ఉండేది.

పార్టు, లేబర్ అన్నీ కలిపి ఆ పెద్ద షాపు ఎస్టిమేట్‌లో మూడో వంతు కూడా కాలేదు. డబ్బు తీసుకునే ముందు నీళ్ళలో దింపి చూపించాడు, థ్రాటిల్ నొక్కగానే చేతులు లాగేసింది, ఇద్దరం కూర్చున్నా 50 దాటింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఫోన్ ఎత్తరు. మెసేజ్ పెడితే ఎప్పుడో రాత్రి రిప్లై. మెమోరియల్ డే ముందు తీసుకెళ్తే క్యూ ఎక్కడిదాకా ఉంటుందో దేవుడికే తెలియాలి, అదే మార్చిలో అయితే తొందరగా అవుతుంది. కార్డుకి ఎక్స్‌ట్రా తీసుకుంటారు. ట్రైలర్ మీద తెచ్చేముందు నీళ్ళన్నీ వంపేసి తీసుకురండి, లూయిస్‌విల్‌లో జీబ్రా మసెల్స్ (నీళ్ళతోపాటు వేరే చెరువులకి పాకిపోయే చిన్న ఆల్చిప్పలు) ఉన్నాయి, నీళ్ళు వంపకుండా రోడ్డెక్కితే టెక్సస్‌లో ఫైన్ వేస్తారు, ఈయన కూడా తడి కారుతున్న బండిని షెడ్డులోకి రానివ్వడు. ఆదివారం మూసేస్తారు, శనివారం పొద్దున్నే వెళ్ళండి.