ఇంగ్లండ్ నుంచి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ తెప్పించుకుంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో పాత మోరిస్, ఆస్టిన్ కార్లు అమ్మే డీలర్ ఒకడున్నాడు. అంబాసిడర్ అంటే ప్రాణం పెట్టే మనవాళ్లలో చాలామంది ఆ మనిషి వీడియోలు చూసినవాళ్లే, ఒకరికొకరు పంపుకున్నవాళ్లే. పేరు ఇక్కడ రాయడం లేదు, లాయర్ వద్దన్నాడు. ఎవరి గురించి చెబుతున్నానో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. అతని దగ్గర కారు కొనకండి. కారు ఆపి ఉంచడానికి అడ్వాన్స్ పంపమంటాడు, అదీ పంపకండి.

నేనుండేది డాలస్‌లో. నాకు కావలసింది 1958 మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. ఎందుకో మీకు విడిగా చెప్పక్కర్లేదు. 1956 నుంచి 1959 దాకా కౌలీ ఫ్యాక్టరీలో తయారైన ఆ కారునే హిందుస్థాన్ మోటార్స్ తీసుకుని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ చేసింది. 2014లో లైన్ ఆగేదాకా ఆ ఒంపులు పెద్దగా మారలేదు. గీతలు తీరిన ఆ బానెట్, వెనక చిన్న రెక్కలు, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్, 1489 సీసీ బీ-సిరీస్ ఇంజిన్ చేసే ఆ శబ్దం. ఆ కారును చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అమెరికా వైపు రూల్స్ కూడా కష్టమైనవి కావు. 25 ఏళ్లు దాటిన కారుకు ఇక్కడి సేఫ్టీ ప్రమాణాలు వర్తించవు, దిగుమతి కోసం నింపే హెచ్‌ఎస్-7 ఫారంలో ఆ గడి టిక్ చేస్తే చాలు. 21 ఏళ్లు దాటి ఒరిజినల్ ఇంజిన్‌తో ఉంటే కాలుష్య నిబంధనలూ అడ్డు రావు. సౌతాంప్టన్ నుంచి గాల్వెస్టన్‌కు కారును నడిపించి ఎక్కించే రోరో ఓడలున్నాయి. కస్టమ్స్ బ్రోకర్ తన పని శుభ్రంగా చేశాడు. అక్కడ ఎవరితోనూ నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ డీలర్‌తోనే.

ఫొటోలు పంపాడు. అన్నిట్లోనూ నంబర్ ప్లేటు మసకబరిచి ఉంది. అడిగితే, దొంగలు నంబర్లు కాపీ కొడుతున్నారు, సెక్యూరిటీ కోసం అన్నాడు. ఇంగ్లండ్‌లో చాలామంది అలా చేస్తారు కాబట్టి అందులో అనుమానపడాల్సింది కనిపించలేదు. కారు కింద భాగం చూపించమన్నాను. లిఫ్ట్ మీద పెట్టి వీడియో తీసి పంపాడు. ఎర్రటి ప్రైమర్ వేసిన ఫ్లోర్, ఎక్కడా గుంట లేదు, అతుకు లేదు. "సిల్స్ ఒరిజినల్, ఫ్లోర్ ఒరిజినల్, వెల్డింగ్ లేదు, పుట్టీ లేదు" అని మెసేజ్‌లో రాశాడు. సిల్స్ అంటే తలుపుల కింద రెండు వైపులా పొడవునా ఉండే ఇనుప పట్టీలు. ఆ మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది. ఎంఓటీ, అంటే బ్రిటన్‌లో కార్లకు చేసే ఫిట్‌నెస్ పరీక్ష, చేయించి పంపండి, ఖర్చు నేనిస్తాను అన్నాను. 1960కి ముందు కార్లకు 2012 నవంబర్ నుంచి ఆ పరీక్ష అక్కర్లేదు కదా, ఎందుకు వృథా అన్నాడు. తప్పనిసరి కాదన్న మాట నిజమే. కానీ కావాలనుకుంటే ఎవరైనా చేయించుకోవచ్చు, గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. ఆ డబ్బు అతని జేబులోంచి పోయేది కూడా కాదు. అయినా చేయించలేదు. 8,500 పౌండ్లు బ్యాంకు ద్వారా వెళ్లాయి.

ఓడ ఎక్కించే ముందు అతని నుంచి ఒక మెసేజ్ వచ్చింది. దీన్ని మీరందరూ జాగ్రత్తగా చదవాలి. "అమెరికా పోర్టులో కారు కింద మట్టి కనిపిస్తే దించనివ్వరు. అందుకని ఆవిరితో కడిగించాను. కడిగాక తడికి తుప్పు పట్టకుండా కింద మొత్తం అండర్ కోటింగ్ కూడా వేయించాను. దీనికి నీ దగ్గర డబ్బు తీసుకోను."

ఈ మాటల్లో మొదటి సగం నిజం. బయటి దేశపు మట్టితో పురుగులు, విత్తనాలు, తెగుళ్లు వస్తాయని అమెరికా కస్టమ్స్‌లోని వ్యవసాయ విభాగం వాహనాల కింద మట్టి లేకుండా చూస్తుంది. కడిగించడం మామూలే, కడిగించాలి కూడా. కానీ నల్లటి తారులాంటి కోటింగ్ వేయమని ఏ అధికారీ అడగడు, ఏ రూలూ చెప్పదు. నిజమైన రూల్ ఒకటి ముందు పెట్టి, దాని చాటున తుప్పు మీద తారు పూశాడు. పైగా దాన్ని నాకు చేసిన మేలుగా చెప్పాడు. నేను థాంక్స్ అని జవాబిచ్చాను. ఆ మెసేజ్ ఇప్పుడు చూస్తే చెయ్యి వణుకుతోంది, కోపంతో.

కారు వచ్చింది. పైన పెయింట్ మెరుస్తోంది. ఇక్కడ పాత బ్రిటిష్ కార్లు మాత్రమే చేసే మెకానిక్ ఒకాయన ఉన్నారు, పెద్దాయన. లిఫ్ట్ ఎత్తగానే ఆయన నవ్వు మాయమైంది. స్క్రూడ్రైవర్ తీసి డ్రైవర్ వైపు సిల్ మీద నొక్కారు. ఏ అడ్డూ లేకుండా పిడి దాకా దిగిపోయింది. లాగితే పుట్టీ పెళ్ల, దాని వెనక అల్యూమినియం మెష్ బయటికొచ్చాయి. జాకీ పెట్టే చోట్లు రెండు వైపులా పుట్టీనే. వెనక లీఫ్ స్ప్రింగ్ హ్యాంగర్ పక్కన వేలు దూరేంత రంధ్రం. అన్నిటికన్నా ప్రమాదం, ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్ల వెనక కొసలు బిగించిన క్రాస్ మెంబర్, అంటే అడ్డ దూలం, పొరలు పొరలుగా ఊడొస్తోంది. ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. సిల్స్, ఆ క్రాస్ మెంబర్ పోయాయంటే కారు వెన్నెముక పోయినట్టే. దీన్ని రోడ్డెక్కించి ఉంటే, పక్కన నా భార్యాపిల్లలు కూర్చుని ఉంటే? "దీన్ని గ్యారేజీలోంచి తీయొద్దు" అన్నారాయన. ఆ మాట ఆయన ఎలా అన్నారో చెప్పలేను.

ఆ రాత్రి వీడియో మళ్లీ పెట్టుకుని ఒక్కొక్క ఫ్రేమూ ఆపి చూశాను. వీడియోలోని కారుకు వెనక టోబార్, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం, బిగించిన రంధ్రాలున్నాయి. నా కారుకు లేవు, పూడ్చిన గుర్తు కూడా లేదు. చూపించింది వేరే కారు కింద భాగం.

ఫోన్ చేశాను. ముందు, షిప్పింగ్‌లో దెబ్బతిని ఉంటుంది, ఇన్సూరెన్స్‌ని అడుగు అన్నాడు. మెరైన్ ఇన్సూరెన్స్ ప్రయాణంలో జరిగిన నష్టానికి, ఎప్పటినుంచో ఉన్న తుప్పుకు కాదు అన్నాను. అరవై ఏళ్లు దాటిన కారు, ఏమనుకున్నావ్ అన్నాడు. టోబార్ రంధ్రాల గురించి అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత, గొంతు కూడా మార్చకుండా, ఇలా అన్నాడు.

"చూడు, మీ ఇండియాలో ఇవి టాక్సీలే కదా. అక్కడ ఎవరైనా కింద చూస్తారా? కదిలితే చాలు మీకు. నీకూ అంతే అనుకున్నాను."

డబ్బు పోతే బాధ. ఈ మాట అలాంటిది కాదు.

మా నాన్న రాజమండ్రిలో అంబాసిడర్ టాక్సీ నడిపారు. మా ఇల్లు నడిచింది, మేం చదువుకున్నది దాని మీదే. ప్రతి ఏడూ వానలు మొదలుకాకముందే కారును గుంట మీదికి ఎక్కించి, కిందికి దిగి, ఇనుప బ్రష్‌తో ఫ్లోర్ అంతా గీకి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసేవారు. టార్చ్ పట్టుకోవడం నా పని. స్ప్రింగ్ పట్టీలు ఒక్కొక్కటీ సుత్తితో తట్టి శబ్దం వినేవారు. ఎక్కడైనా షీటు పలచబడిందనిపిస్తే ఆ రోజు బేరాలు వదులుకుని వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లేవారు. వెనక సీట్లో పురిటికి వెళ్లే ఆడవాళ్లుంటారు, పెళ్లివాళ్లుంటారు, బండి కింద ఏముందో నాకు తెలియకపోతే ఎలా అనేవారు. స్టాండులో మిగతా డ్రైవర్లూ అంతే. కింద చూడకుండా ఆ కార్లు అన్ని లక్షల కిలోమీటర్లు తిరగవు. ఆ మనుషుల గురించి ఇతను అన్న మాట అది. ఫోన్‌లో నేనేం జవాబిచ్చానో ఇక్కడ రాయలేను. పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మోసం అక్కడ కూడా ముందే సిద్ధంగా ఉంది. డబ్బు ముట్టాకే ఇన్‌వాయిస్ పంపాడు. అందులో నా పేరు పక్కన "ట్రేడ్, ఎక్స్‌పోర్ట్, సోల్డ్ యాజ్ సీన్" అని ఉంది, అంటే వ్యాపారికి, ఎగుమతి కోసం, ఉన్నది ఉన్నట్టుగా అమ్మినట్టు. నేను వ్యాపారిని కాదని అతనికి మొదటి ఫోన్ నుంచీ తెలుసు. ఇంగ్లండ్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, డీలర్ మామూలు కొనుగోలుదారుకు అమ్మిన వస్తువు చెప్పినట్టు ఉండాలి, లేకపోతే 30 రోజుల్లో తిప్పి ఇచ్చేయవచ్చు. సోల్డ్ యాజ్ సీన్ అని రాసినంత మాత్రాన ఆ హక్కు పోదు. అందుకే "ట్రేడ్" అనే మాట ఇరికించాడు. ఇంకోటి, షిప్పింగ్ నువ్వే పెట్టుకో, నీకు చవగ్గా వస్తుంది అని పదే పదే చెప్పాడు. కారణం ఇప్పుడు అర్థమైంది. సరుకు కొన్నవాళ్లే రవాణా సంస్థను మాట్లాడుకుంటే, దాన్ని ఆ సంస్థ చేతికి ఇచ్చిన క్షణం నుంచే పూచీ కొన్నవాళ్ల మీదికి వస్తుంది. నాకు కారు సౌతాంప్టన్‌లోనే అందినట్టు, 30 రోజులూ ఓడలోనే గడిచిపోయినట్టు అతని లాయర్ ఇప్పుడు ఉత్తరం రాశాడు.

వీ5సీ, అంటే వాళ్ల ఆర్‌సీ, ఓడ కదిలాక కొరియర్‌లో వచ్చింది. అప్పుడుగానీ నాకు కారు అసలు నంబర్ తెలియలేదు. ఆ నంబర్‌ను బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో కొడితే పాత ఎంఓటీ ఫలితాలు ఉచితంగా కనిపిస్తాయి. చివరి పరీక్ష 2012లో. రెండు వైపులా సిల్స్‌లో తుప్పు ఉందని ఆ ఎగ్జామినర్ అప్పుడే రాసిపెట్టాడు. నంబర్ ప్లేటు ఎందుకు మసకబరిచాడో ఇక వేరే చెప్పాలా?

ఫిర్యాదు అక్కడి సలహా సంస్థ సిటిజన్స్ అడ్వైస్ ద్వారా, వ్యాపారుల మోసాలను చూసే ప్రభుత్వ విభాగం ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు వెళ్లింది. ఇంగ్లండ్‌లో ఒక సాలిసిటర్‌తో మాట్లాడుతున్నాను, నాకు తెలిసి ఇది తేలడానికి టైమ్ పడుతుంది. సిల్స్, ఫ్లోర్, క్రాస్ మెంబర్ కొత్తగా కట్టించడానికి ఇక్కడ అడుగుతున్నది కారు ధరకన్నా ఎక్కువ. అయినా దీన్ని తుక్కుకు వేయను. తప్పు కారుది కాదు.

కొనేవాళ్లు కనీసం ఇవి చూడండి. రిజిస్ట్రేషన్ నంబర్ ఇవ్వనివాడితో బేరమే వద్దు. నంబర్ ఇస్తే ఎంఓటీ చరిత్ర చూడండి, కొత్తగా ఎంఓటీ చేయించమని అడగండి, వద్దంటే ఏదో దాస్తున్నట్టే. ఆ మోడల్ ఓనర్స్ క్లబ్‌లో దగ్గర్లో ఉన్న సభ్యుణ్ణో, డీలర్‌తో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌నో మీరే మాట్లాడి పంపండి, అయస్కాంతం తీసుకెళ్లమనండి. పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు. వీడియో కాల్‌లో బానెట్ కింద ఛాసిస్ నంబర్ నుంచి మొదలుపెట్టి, కట్ చేయకుండా, కారు కిందికి రమ్మనండి. ఇన్‌వాయిస్ నమూనా డబ్బుకు ముందే తెప్పించుకోండి, మీరు వాడుకోవడానికి కొంటున్నట్టు రాయించండి. షిప్పింగ్ డీలర్ చేతనే పెట్టించండి. డబ్బులో కొంతైనా క్రెడిట్ కార్డు మీద కట్టండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఒకసారి వెళ్లాక వెనక్కి రావడం కష్టం. కడిగించడానికి ఒప్పుకోండి, కోటింగ్ వేస్తే బేరం రద్దు అని రాతపూర్వకంగా చెప్పండి.

ఇది ఇవాళే రాయడానికి ఇంకో కారణం ఉంది. అతని దగ్గర ఇప్పుడు బూడిద రంగు 1957 ఆక్స్‌ఫర్డ్ ఒకటి అమ్మకానికి ఉంది. నంబర్ ప్లేటు మసక. "ఎక్స్‌పోర్ట్ కోసం కొత్తగా అండర్ కోటింగ్ చేయించాం" అని గొప్పగా రాశాడు. దాని కింద భాగం వీడియో కూడా పెట్టాడు. అవే టోబార్ రంధ్రాలు, అదే ఎర్ర ప్రైమర్, నాకు పంపిన వీడియోనే. న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో మనవాళ్లెవరైనా ఆ కారుకు అడ్వాన్స్ కట్టి ఉంటే, ఈ రోజే బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించండి. నాకు వచ్చిన వీడియో, అతని మెసేజ్‌లు, మెకానిక్ ఇచ్చిన రిపోర్టు అన్నీ ఉన్నాయి, అడిగినవాళ్లకు పంపిస్తాను.