స్నాప్ క్యాప్‌లు, ఇరుక్కునే తూటాలు: పదేళ్లు వాడినాక

మా బాపు పోయాక ఆయన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ 2012లో నా లైసెన్సు మీదికి వచ్చింది. నర్సంపేట దగ్గర మా ఊళ్లో మిర్చి, మక్క చేన్ల కాపలాకని ఆయన కొన్న తుపాకీ అది. ఇప్పుడు దానికి కాపలా పని లేదు. "కాకా, పందులు మక్కంతా తొక్కుతున్నయ్, ఒక్కటన్నా కొట్టరాదా" అని పిల్లలు అడుగుతారు గానీ, లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని మన ఇష్టానికి కొట్టే వీలు లేదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు హైదరాబాద్ రేంజిలో మట్టి పిట్టల మీద, అంటే గాల్లోకి విసిరే మట్టి బిళ్లల మీద కాలుస్తాను. మిగతా రోజులన్నీ బీరువాలోనే. అందుకే స్నాప్ క్యాప్‌లతో, అంటే ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కేటప్పుడు లోపల పెట్టే డమ్మీ తూటాలతో, నాకు ఇంత పని పడింది.

బాపు కాలంలో ఆ పేరే ఎవరూ వినలేదు. పేలిన తూటా డొప్ప తీసుకుని, దాని అడుగున కాలిపోయిన క్యాపును, అంటే దెబ్బ తగిలితే మందు అంటించే బిళ్లను ఊడగొట్టి, ఆ గుంటలో పాత హవాయి చెప్పు రబ్బరు ముక్క దిగ్గొట్టేవాడు. పని బ్రహ్మాండంగా చేసేది. కానీ మసక వెలుతురులో దానికీ అసలు తూటాకీ తేడా తెలియదు. తుపాకీ నా చేతికి రాగానే మొదట చేసిన పని వాటిని పారేయడం. డమ్మీ తూటా దూరం నుంచి చూసినా డమ్మీ అని తెలియాలి. రంగు అందుకే ముఖ్యం, అందం కోసం కాదు.

మాది ఘోడాలు, అంటే ఫైరింగ్ పిన్నులను కొట్టే సుత్తులు, బయటికి కనబడని రకం. గొట్టాలు వంచి తెరిచిన ప్రతిసారీ లోపల ఘోడాలు ఎక్కి కూర్చుంటాయి. వాటిని దించాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు. ఖాళీగా ఉన్నప్పుడు నొక్కితే ఫైరింగ్ పిన్ తగలాల్సిన క్యాపు అక్కడ ఉండదు, దెబ్బంతా పిన్ను తనమీదే వేసుకుంటుంది. పాత తుపాకుల్లో పిన్నులు ఇలా కూడా విరుగుతాయి. స్నాప్ క్యాప్‌లో ఆ చోట రబ్బరో, స్ప్రింగు మీద కూర్చున్న బొడిపో ఉంటుంది, అది దెబ్బను మింగేస్తుంది. ఘోడాలు ఎక్కి ఉంటే స్ప్రింగులు చచ్చిపోతాయని చాలామంది భయపెడతారు. మంచి స్ప్రింగు అంత తొందరగా అలసిపోదని నా నమ్మకం. నేను కొన్నది పిన్ను కోసమే.

మొదటి జత 2014లో కొన్నాను. తెల్లటి ప్లాస్టిక్, లోపల స్ప్రింగు కనబడుతూ ముచ్చటగా ఉండేది. రెండో ఏడాదికే ఎక్స్‌ట్రాక్టర్ (తెరిచినప్పుడు డొప్ప అంచు పట్టి బయటికి నెట్టే ముక్క) రాసుకుని ఒకదాని అంచు పగిలింది. రెండో జత ఎర్ర రంగు అల్యూమినియం, వెనక రబ్బరు బిళ్ల. ఇప్పటికీ అదే వాడుతున్నాను. రబ్బరుకు గుంట పడింది గానీ అంచుకు ఏమీ కాలేదు.

ఇంతవరకూ చెప్పింది మెచ్చుకోలు మాత్రమే. నన్ను బోల్తా కొట్టించింది కూడా ఈ ఎర్ర జతే.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. తుపాకీలో స్నాప్ క్యాప్‌లు పెట్టి, ట్రిగ్గర్లు నొక్కి, తోలు కవరులో పెట్టి బీరువాలో నిలబెట్టాను. రెండు వానాకాలాలు దాన్ని ముట్టలేదు. 2021 డిసెంబరులో రేంజికి వెళ్తే రెండో దెబ్బకే ఎడమ గొట్టంలో డొప్ప ఇరుక్కుంది. మోకాలి మీద పెట్టి వంచితే గానీ తుపాకీ తెరుచుకోలేదు. తెరిచాక ఎక్స్‌ట్రాక్టర్ అంచు మీంచి జారిపోయింది. పక్కన కాలుస్తున్న పెద్దాయన కీచైన్‌కున్న ఇత్తడి రింగు లాంటి పనిముట్టుతో అంచు పట్టి లాగేశాడు. ఖరీదు కొంచెమే. ఇంటికి రాగానే ఒకటి తెప్పించుకున్నాను.

ఇంట్లో ఎర్ర స్నాప్ క్యాప్ ఎడమ గొట్టంలో వేసి చూశాను. సాఫీగా వెళ్లింది, సాఫీగా వచ్చింది. చాంబర్‌కు, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటుకు ఏ రోగమూ లేదు, తప్పు తూటాలదేనని తేల్చేశాను. కొంత నిజమే కూడా. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి డొప్పల అడుగుకు తాకిస్తే టక్కున అంటుకుంది. చూడ్డానికి ఇత్తడే గానీ లోపల ఉక్కు, పైన పూత. తూటా పేలినప్పుడు డొప్ప ఉబ్బి చాంబర్ గోడకు బిగుసుకుంటుంది. ఇత్తడి వెంటనే వెనక్కి ముడుచుకుంటుంది, ఉక్కు అంతగా ముడుచుకోదు. అయస్కాంతం అంటని ఇంకో రకం డబ్బా కొన్నాను. కుడి గొట్టంలో డొప్పలు వేళ్లతో తీస్తే వచ్చేవి. ఎడమది మాత్రం మళ్లీ పట్టుకుంది.

అప్పుడు బుద్ధి వచ్చి, గొట్టాలు విడదీసి టార్చి వేసి చూశాను. ఎడమ చాంబర్‌లో వేలెడు లోతున గోధుమరంగు మరక, దాంట్లో చిన్న చిన్న గుంటలు. తోలు కవరు చెమ్మ పీల్చింది, స్నాప్ క్యాప్‌కూ గోడకూ మధ్య ఆ చెమ్మ గాలి తగలకుండా నిలిచిపోయింది. డొప్పల మీద కూడా సరిగ్గా అదే చోట గీతలున్నాయి. ముందే వాటిని చూసి ఉంటే ఒక డబ్బా డబ్బులు మిగిలేవి.

స్నాప్ క్యాప్ ఎందుకు అబద్ధం చెప్పింది? అది చాంబర్ కంటే వెంట్రుక వాసి సన్నం, పైగా ఉబ్బేది కాదు. గుంటలను తాకకుండానే వెళ్లి వచ్చేస్తుంది. అది సాఫీగా కదిలిందంటే చాంబర్ నున్నగా ఉందని కాదు.

తుపాకీ మిస్త్రీ దగ్గర చాంబర్ పాలిష్ చేయించాను. ఎమెరీ కాగితం పట్టుకుని ఆ పని మీరే మొదలుపెట్టకండి, చాంబర్ ఒక్కసారి పెద్దదైతే చిన్నది కాదు. ఇప్పుడు కాల్చి వచ్చిన రోజే చాంబర్‌కు సరిపోయే లావు కంచు బ్రష్ తిప్పి, పొడి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె పూస్తాను. మళ్లీ కాల్చేముందు ఆ నూనె మొత్తం తుడిచేస్తాను. ఇరుక్కుంటున్నాయని తూటాలకే నూనె రాసేవాళ్లను చూశాను. అది తప్పు. డొప్ప గోడను పట్టుకోకపోతే దెబ్బంతా వెనక్కి, తుపాకీ బిగింపు మీద పడుతుంది.

పేలని తూటా ఇరుక్కుంటే సంగతి వేరు. ముందు నిమిషం సేపు గొట్టం ఖాళీ చోటికి తిప్పి ఆగాలి. తర్వాత రింగుతో మెల్లగా లాగాలి. రాకపోతే మిస్త్రీ దగ్గరికే. మూతి వైపు నుంచి కర్రతో పొడవడం పేలిపోయిన డొప్పకే, అదీ పేలిందని ఖాయంగా తెలిస్తేనే. ముసురుకు ఉబ్బిన పాత కాయితం తూటాలు లోపలికి వెళ్లకపోతే వేలితో నొక్కి కూర్చోబెట్టొద్దు.

2023 ఎన్నికలకు తుపాకీ స్టేషన్‌లో అప్పజెప్పడానికి వెళ్తే, తెరిచి చూసిన కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేశాడు. "లోడు చేసే తెచ్చినవా సార్!" అన్నాడు. ఎర్ర డమ్మీలు చేతిలో పెట్టి చూపిస్తే గానీ నమ్మలేదు. ఇంటి నుంచి బయల్దేరేముందే తీసేయాల్సింది, మర్చిపోయాను.

ఇప్పుడు తుపాకీ దాచేటప్పుడు లోపల స్నాప్ క్యాప్‌లు ఉంచడం లేదు. వాటిమీద ట్రిగ్గర్లు నొక్కి, గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందు చెక్క ఊడదీశాక గొట్టాలు తెరుస్తాను. మా తుపాకీలో ఘోడాలను ఎక్కించేది ఆ చెక్కే కాబట్టి అవి మళ్లీ ఎక్కవు. స్నాప్ క్యాప్‌లు బయటికి తీసి సొరుగులో వేస్తాను. తోలు కవరు అటక మీద ఉంది. రబ్బరు గుంట ఇంకా లోతుకు పోతోంది, వానాకాలం లోపు కొత్త జత కొనాలి. ఈసారీ ఎర్రవే చూస్తున్నాను.