హరికేన్ రాత్రి మా పెరట్లో గాలి మీటరు: ఏడాది వాడాక నా రివ్యూ

2024 జూలై 8, పొద్దున ఆరున్నర. వంటింటి గోడకున్న డిస్‌ప్లేలో గాలి వేగం సున్నా అని పడింది. కరెంటు అప్పటికే పోయింది. మా అబ్బాయి టార్చి పట్టుకుని దాని ముందు నిలబడి, "నాన్నా, సున్నా వచ్చేసింది. తుపాను కన్ను మన మీదికి వచ్చిందా? బయటికి వెళ్లి చూడొచ్చా?" అని అడిగాడు. కిటికీ అవతల పక్కింటివాళ్ల ఓక్ చెట్టు మాత్రం విరుగుతుందేమో అన్నంతగా ఊగిపోతోంది. తుపాను నడిమధ్య ఉండే కన్నులో గాలి దాదాపు ఉండదు, అందుకే వాడికి ఆ అనుమానం. కానీ గాలి ఆగలేదు, మా మీటరు విరిగింది. కొమ్మ ఒకటి వచ్చి తగిలి దాని గిన్నెల్లో రెండు ఊడిపోయాయి. మీటరు విరిగిందని చెప్పే ఏర్పాటు ఆ డిస్‌ప్లేలో లేదు, అందుకే సున్నా అని చూపిస్తూ కూర్చుంది.

అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను. హరికేన్ సీజన్ మొదలవగానే మా హ్యూస్టన్ వైపు చాలామంది ఇలాంటి వెదర్ స్టేషన్లు కొంటారు. నేనూ అలాగే కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో వచ్చేవన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి, మంచీ చెడూ అన్నింటికీ ఒకటే.

నేను 170 డాలర్లకు తీసుకున్నాను. ఒక కడ్డీకి గాలి వేగం కొలిచే మూడు గిన్నెల చక్రం, దిక్కు చూపించే తోక, వాన కొలిచే గరాటు, ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్లు అన్నీ కలిపి ఉంటాయి. ఇంట్లో పెట్టుకునే డిస్‌ప్లే లోపలే గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉంటుంది. బిగించడానికి గంట పట్టింది. పెరట్లో కంచె పక్కన ఎనిమిది అడుగుల కడ్డీ పాతి పెట్టాను. అదెంత తప్పో తర్వాత తెలిసింది.

ఆ హరికేన్ పేరు బెరిల్. ఆ తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో టెక్సస్ తీరంలోని మాటగోర్డా దగ్గర తీరం దాటింది. అప్పటి నేషనల్ హరికేన్ సెంటర్ బులెటిన్‌లో గాలి వేగం గంటకు 80 మైళ్లు అని ఉంది, అంటే కేటగిరీ ఒకటి (హరికేన్ గాలి బలాన్ని ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే కొలమానంలో అన్నిటికన్నా కింది మెట్టు). మేముండే, హ్యూస్టన్ పక్కనున్న పేర్‌ల్యాండ్ తుపాను దారికి తూర్పున పడింది. ఉత్తరానికి కదిలే తుపానులో కుడివైపు, అంటే తూర్పున, తుపాను కదిలే వేగం కూడా గాలికి తోడవుతుంది. దెబ్బ అటువైపే ఎక్కువ. అయినా విరిగేలోపు నా మీటరులో నమోదైన అతి పెద్ద విసురు (ఒక్కసారిగా వచ్చే గాలి ఊపు) 44 మైళ్లు. అదే పొద్దున మాకు దగ్గర్లోని హాబీ విమానాశ్రయంలో 84 మైళ్ల విసురు నమోదైంది.

కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకతను, "80 అన్నారు, నా దాంట్లో 38 దాటలేదు. అనవసరంగా టెన్షన్ పెట్టారు" అని పెట్టాడు. నిజం చెప్పాలంటే, ఆ మెసేజ్ చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. తర్వాత కరెంటు లేని ఆరు రోజుల్లో, ఫోన్ ఛార్జింగ్ ఉన్నంతసేపు దీని గురించే చదివాను. ఆయన మీటరు అబద్ధం చెప్పలేదు, బులెటినూ అబద్ధం చెప్పలేదు. రెండూ రెండు వేరు వేరు విషయాలు చెప్పాయి.

బులెటిన్‌లో చెప్పే 80 మైళ్లు అంటే 10 మీటర్ల ఎత్తులో, చుట్టూ అడ్డేమీ లేని చోట, ఒక నిమిషం పాటు సగటున వీచే గాలి. అదీ తుపాను అంతటా కాదు, కంటి చుట్టూ ఉండే మేఘాల గోడలో ఎక్కడో ఒక చోట. ఆ చోటు ఒక్కోసారి సముద్రం మీదే ఉంటుంది, ఒక్కోసారి ఎవరూ లేని చిత్తడి నేల మీద ఉంటుంది. మా పెరట్లో ఎనిమిది అడుగుల ఎత్తున, మూడువైపులా రెండంతస్తుల ఇళ్ల మధ్య, కంచెను ఆనుకుని ఉన్న మూడు ప్లాస్టిక్ గిన్నెలకు ఆ గాలి ఎక్కడ తగులుతుంది? నేల రాపిడి, ఇళ్లు, చెట్లు అన్నీ కలిసి వేగాన్ని సగానికి సగం తినేస్తాయి. పైగా నా సెన్సర్ 16 సెకన్లకోసారి లెక్క పంపుతుంది. రెండు లెక్కల మధ్య విసురంటూ వస్తే అది డిస్‌ప్లే దాకా వచ్చిందో లేదో నాకు తెలిసే దారి లేదు.

ఇంకో విషయం. గాలి వేగం రెట్టింపైతే గోడమీద పడే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు. పెరట్లో 40 చూసి "ఇంతేనా" అనుకున్నవాళ్ల ఇంటి కప్పు మీద, ఇరవై ముప్పై అడుగుల ఎత్తున, వేరే గాలి వీస్తోంది. మా వీధిలో కంచెలు నిలబడ్డాయి, నాలుగిళ్ల కప్పుల మీది షింగిల్స్ (పెంకుల్లా పరిచే పలకలు) ఎగిరిపోయాయి.

మరి ఆ 80 ఎవరు కొలుస్తారు? ఇది తెలుసుకున్నాక బులెటిన్ల మీద నా గౌరవం పెరిగింది. మిసిసిపీలో కీస్లర్ స్థావరం నుంచి వాయుసేన రిజర్వు 53వ స్క్వాడ్రన్ విమానాలు తుపాను లోపలికే వెళతాయి. సుమారు 10,000 అడుగుల ఎత్తులో గాలి కొలిచి, కంటి గోడలో అయితే దానిలో దాదాపు 90 శాతం కింద వీస్తోందని అంచనా కడతారు. విమానం నుంచి చిన్న గొట్టాల్లాంటి పరికరాల్ని పారాచూట్‌తో వదులుతారు. అవి సముద్రంలో పడేదాకా గాలి, పీడనం, తేమ లెక్కలు పంపుతూనే ఉంటాయి. ఇంకో పరికరం సముద్రం మీద గాలికి లేచే నురుగు నుంచి వచ్చే మైక్రోవేవ్ కిరణాల్ని బట్టి వేగం చెబుతుంది. నేల మీదికి రాగానే అది పనికిరాదు, నురుగుండాలి కదా. అందుకే సరిగ్గా తీరం దాటే ఘడియలోనే, మనకు కావలసిన సమయంలోనే, కొలత కష్టమైపోతుంది. అక్కడ రాడార్, తీరంలోని స్టేషన్లు, పీడనం అన్నీ కలిపి చూసి ఒక మనిషి నిర్ణయం తీసుకోవాలి.

ఆ నిర్ణయాన్ని తర్వాత సరిదిద్దుకోవడమూ ఉంది. 2018లో హరికేన్ మైకేల్ ఫ్లోరిడాలో తీరం దాటినప్పుడు 155 మైళ్లు అన్నారు. 2019 ఏప్రిల్‌లో అన్ని లెక్కలూ మళ్లీ చూసి 160 అని తేల్చారు, కేటగిరీ ఐదు అయింది. 1992లో హరికేన్ ఆండ్రూకి మొదట 145 అన్నారు, 2002లో 165కి మార్చారు. ఆండ్రూ రాత్రి కోరల్ గేబుల్స్‌లో హరికేన్ సెంటర్ భవనం మీదున్న రాడారే గాలికి ఎగిరిపోయింది. అంతటివాళ్ల పరికరమే నిలవని చోట నా 170 డాలర్ల ప్లాస్టిక్ గిన్నెలు విరిగాయని కంపెనీ మీద కోపం తెచ్చుకోలేను. డబ్బా మీద 112 మైళ్ల దాకా కొలుస్తుందని రాసినందుకు మాత్రం కోపం ఉంది. అది గాలికి తట్టుకోవచ్చునేమో, గాలి మోసుకొచ్చే కొమ్మలకు, షింగిల్స్‌కి తట్టుకోదు. హరికేన్‌లో గాలి ఒక్కటే రాదు.

ఇక నేను మనసారా మెచ్చుకునేది బారోమీటర్‌ని. కొనేటప్పుడు దాని సంగతే పట్టించుకోలేదు. ఆ రాత్రి మా ఇంట్లో నమ్మదగ్గ పరికరం అదొక్కటే. పీడనానికి ఇళ్లు, కంచెలు అడ్డం రావు, తలుపులన్నీ వేసుకున్నా బయట ఎంతో లోపలా అంతే చూపిస్తుంది. మా ఆవిడ పాత పాల బిల్లు వెనకాల గంట గంటకూ రాసింది: అర్ధరాత్రి 29.62 అంగుళాలు (ఇక్కడ పీడనాన్ని పాదరసం అంగుళాల్లో చెబుతారు), ఐదింటికి 29.41, ఏడింటికి 29.27. ఎనిమిదింటికి 29.33 అని రాసి, అంకె కింద గీత గీసింది. తుపాను దగ్గరవుతుంటే పీడనం తగ్గుతుంది, అది మళ్లీ పెరగగానే తుపాను మాకు దూరమవడం మొదలైందని తెలిసింది. ఇంటర్నెట్ లేదు, టీవీ లేదు, అయినా తెలిసింది.

మా వాడి ప్రశ్నకూ జవాబు ఆ డిస్‌ప్లేలోనే దొరికింది. గిన్నెలు పోయినా తోక పనిచేస్తోంది, ఆగ్నేయం నుంచి గాలి అని చూపిస్తోంది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. వాణ్ని హాల్లో అలా నిలబెట్టి, "ఎడమచెయ్యి చాపు" అన్నాను. చెయ్యి నైరుతికి తిరిగింది. "అయితే కన్ను అటుంది, మన మీద లేదు" అన్నాడు. తలుపు తియ్యొద్దని వేరే చెప్పక్కర్లేకపోయింది. తర్వాత గాలి దక్షిణానికి మళ్లింది, అంటే కేంద్రం మాకు పడమరగా దాటిపోయింది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. గాలి అడ్డంగా కొడుతుంటే వాన గరాటు తక్కువ చూపిస్తుంది. యాప్ వైఫై పోగానే చచ్చిపోయింది, డిస్‌ప్లే మాత్రం మూడు ఏఏ బ్యాటరీల మీద నడిచింది. బ్యాటరీలు వేసుకునే వీల్లేని మోడల్ అయితే ఎంత తక్కువకి వచ్చినా కొనకండి. కొత్త గిన్నెల సెట్టు 22 డాలర్లు, తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది.

కొన్నాక చేయాల్సిన మొదటి పని, దగ్గర్లోని విమానాశ్రయం చెప్పే సముద్రమట్టపు పీడనంతో బారోమీటర్‌ని సరిచేసుకోవడం. డబ్బాలోంచి తీసినప్పుడు నాది 0.2 అంగుళాలు తేడా చూపించింది. కడ్డీని ఎంత ఎత్తున పెట్టగలిగితే అంత ఎత్తున పెట్టండి, అయినా ఆ అంకెని కేటగిరీతో పోల్చకండి. "కేటగిరీ ఒకటి మా ఇంట్లోనే చూశాం, ఏం కాలేదు" అని చెప్పుకుని వచ్చే తుపానుకి ఇల్లు వదలకుండా కూర్చునేవాళ్లని తలుచుకుంటే నాకు నిజంగా భయం. 2008లో హరికేన్ ఐక్ గాల్వెస్టన్ దగ్గర తీరం దాటినప్పుడు కేటగిరీ రెండే. ఆ పక్కనే ఉన్న బొలివర్ ద్వీపకల్పంలో ఇళ్లని ఊడ్చేసింది సముద్రపు ఉప్పెన. దాన్ని కొలిచే పరికరం ఈ డబ్బాలో లేదు.

గాలి మీటరుకి ఐదుకి రెండు. బారోమీటర్‌కి ఐదుకి ఐదు. కొత్త గిన్నెలు బిగించాను, కడ్డీని గరాజ్ కప్పు మీదికి మార్చాను, డిస్‌ప్లే పక్కన మేకుకి ఒక నోటుబుక్కు, పెన్సిలు కట్టి ఉంచాను.