చిన్న కారుకి టైర్ సైజు మార్చబోతున్నారా? ముందు ఇది చదవండి

టైర్లు మార్చే పనిలో ఉన్నవాళ్ళు దయచేసి రెండు నిమిషాలు ఆగి చదవండి. నాది చిన్న హ్యాచ్‌బ్యాక్, కంపెనీ ఇచ్చిన సైజు 175/65 ఆర్14. అరిగిపోయాయని షాపుకి వెళ్తే ఆ సైజు లేదండీ, 185/70 ఆర్14 వేసుకోండి, రిమ్ అదేగా, బండి కాస్త ఎత్తు లేస్తుంది, గ్రిప్ పెరుగుతుంది, ఎండకీ వానకీ చలికీ అన్నిటికీ ఇవే చాలు అన్నాడు. 14కి 14 సరిపోయింది కదా అని నేనూ సరే అన్నా, తప్పంతా అక్కడే జరిగింది.

మొదటి రోజే రివర్స్ తీస్తూ స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుంటున్న చప్పుడు. వెళ్ళి అడిగితే కొత్తవి కదా, నడిపితే సర్దుకుంటాయన్నాడు. ఏం సర్దుకోలేదు, పైగా నలుగురు ఎక్కి గుంతలో పడితే వెనక కూడా అదే గరగర. సెకండ్ గేర్‌లో హాయిగా ఎక్కే ఎత్తు మీద ఇప్పుడు ఫస్ట్ వేయాల్సొస్తోంది, మైలేజ్ కూడా పడిపోయింది.

అప్పుడు కూర్చుని లెక్కేశా. ఇది ఎవరైనా వేయొచ్చు: మొదటి నంబర్ వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో సైడ్ ఎత్తు ఎంత శాతమో. 175లో 65 శాతం, రెండు వైపులా కలిపి 227.5, దానికి 14 అంగుళాల రిమ్ అంటే 355.6 కలిపితే టైరు మొత్తం ఎత్తు 583 మిల్లీమీటర్లు. నాకు వేసినవి 614.6! అంటే 5 శాతం పైనే తేడా, మామూలుగా 3 శాతం దాటొద్దంటారు. లెక్క ప్రకారం మీటర్‌లో 100 కనిపిస్తుంటే బండి 105 పోతున్నట్టు. కిలోమీటర్లు కూడా తక్కువ తిరుగుతాయి కాబట్టి మైలేజ్ ఉన్నదానికన్నా ఇంకా ఘోరంగా కనిపిస్తుంది. ఇంత చేసి బండి లేచింది ఆ తేడాలో సగం, 16 మిల్లీమీటర్లే.

వెడల్పు ఎక్కువైతే వానలో పట్టు ఎక్కువనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నా. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద వేరే సంగతులన్నీ ఒకేలా ఉంటే వెడల్పు టైరే త్వరగా నీటి మీద తేలుతుంది, సన్నటిది నీటిని చీల్చుకుని వెళ్తుంది. తేలికపాటి చిన్న కారుకి ఇది ఇంకా ముఖ్యం. ఒక రాత్రి వానలో స్టీరింగ్ ఒక్కసారిగా చేతిలో తేలిపోయింది, పక్కన అమ్మ కూర్చుని ఉంది, ఆ భయం ఇప్పటికీ పోలేదు. అందుకే ఏడాది పొడవునా ఒకే సెట్ మీద నడిపేవాళ్ళు ఎండాకాలం సాఫీ రోడ్డుని కాదు, మీ దారిలో వచ్చే అన్నిటికన్నా చెడ్డ రోజుని మనసులో పెట్టుకుని ఎంచుకోండి. చలి 7 డిగ్రీల కిందికి దిగే చోట సమ్మర్ టైర్ రబ్బరు గట్టిపడుతుంది, అక్కడ ఆల్ సీజన్ కావాలి. మంచు పడే చోటైతే టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని) ఉంటే సరిపోదు, అది తయారుచేసేవాళ్ళు తమంతట తామే వేసుకునే గుర్తు. మూడు శిఖరాల కొండలో మంచురేకు బొమ్మ ఉందేమో చూడండి, దానికి మంచు మీద పరీక్ష పాసవ్వాలి.

ఇంకోటి, డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది (కొన్ని బండ్లలో పెట్రోల్ మూత లోపల), సైజు, గాలి ఎంతో అందులోనే రాసుంటుంది, ఫోటో తీసుకుని షాపుకి వెళ్ళండి. సైజు పక్కన 82టీ లాంటిది కూడా చూడండి, 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది, టీ అంటే 190 వేగం వరకు. కంపెనీ ఇచ్చినదానికన్నా తక్కువది అస్సలు వేయించుకోకండి. టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం, 2319 అంటే 2019లో 23వ వారం. నావి చూసుకుంటే రెండేళ్ళకి పైగా గోడౌన్‌లో పడి ఉన్నవి.

ఇవన్నీ రిమ్‌కి ఎక్కించకముందే చూడాలి, ఎక్కించాక వాడినవండీ వెనక్కి తీసుకోం అంటారు, నాకు అదే చెప్పారు. చివరికి వేరే షాపులో ఆర్డర్ పెట్టించి వారం ఆగి మళ్ళీ 175/65 ఆర్14 82టీనే వేయించా, రాసుకునే చప్పుడు ఆ రోజుతోనే పోయింది.