వీలునామా, పంపకాల ‘ప్యాకేజీ’కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

వరంగల్, హనుమకొండల్లో ఆస్తి కాగితాలు రాయించుకునేవాళ్లు జాగ్రత్త. వీలునామా, ఇంటి పంపకాలు, వ్యాపారంలో వాటాలు, మూడూ కలిపి చేసిస్తామని ఒక కన్సల్టెన్సీ మా బాపుతో 35 వేలు కట్టించుకుంది. ఇచ్చిన మూడు కాగితాల్లో ఒక్కటీ నిలబడేది కాదు.

పంపకాల కాగితం మరీ ఘోరం. తాతల నాటి ఇల్లు, దాని కింది మడిగెలు వంద రూపాయల స్టాంపు పేపర్ మీద పంచేసి, నోటరీ ముద్ర కొట్టించి అయిపోయిందన్నారు. తమ్ముడు లోన్‌కు వెళ్తే బ్యాంకు వకీలు ఆ కాగితం చెల్లదన్నాడు. ఇల్లు, స్థలం పంచుతూ రాసే దస్తావేజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాల్సిందే. పైగా అందులో మా అక్క పేరే లేదు. పెళ్లప్పుడే ఇచ్చారు కదా అన్నారట! తాతల ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఉందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెబుతోంది, 2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది. ఆ కాగితం చూశాక అక్క చాలా రోజులు ఇంటి గడప తొక్కలేదు. డబ్బు పోయినదానికంటే నాకు అదే బాధ.

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. కానీ రాసిన మనిషి సంతకం చేయడం చూసి గానీ, అది తన సంతకమేనని ఆయన నోట విని గానీ, ఇద్దరు సాక్షులు ఆయన ఎదుటే సంతకాలు పెట్టాలి. వీళ్లు బాపు ఇంటికి వచ్చేశాక తమ ఆఫీసు పిల్లలతో పెట్టించారు.

ఎనుమాముల మార్కెట్ దగ్గరి మా విత్తనాల దుకాణంలో బాపుతో పాటు చిన్నాయన కూడా భాగస్వామి. వీలునామాలో మాత్రం దుకాణం మొత్తం తమ్ముడికి రాశారు. బాపు ఇవ్వగలిగేది తన వాటానే కదా. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే భాగస్వామి పోయినప్పుడు ఫర్మే రద్దవుతుంది. ఆ ఒప్పందం చూపించమని వీళ్లు అడగనే లేదు.

డబ్బు ఇచ్చే ముందు రాసేది ఏ వకీలో, ఆయన బార్ కౌన్సిల్ నంబరు ఏమిటో అడగండి. రసీదు మీద అవి రాయించుకోండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. 15100కు ఫోన్ చేయొచ్చు.

కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తిరిగి ఇచ్చేది లేదంటున్నారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. మీకూ ఇలాగే జరిగి ఉంటే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు తీసేయకండి.